డబ్బా మీద తోక

మొన్న ఓబుళమ్మ నన్నొక ప్రశ్న అడిగింది. అప్పటికప్పుడు జవాబు తోచక "కూచో, కాఫీ తాగుతూ చెప్తా" అన్నాను. కాఫీ అయిపోయింది గానీ చెప్పడం అవలేదు. చిన్న ప్రశ్నే, కానీ దానికి జవాబు చెప్పాలంటే నా చిన్నతనమంతా తవ్వుకోవాలి. ఓబుళమ్మది కళ్యాణదుర్గం వైపు. మొగుడు ఈ బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు, ఈమె హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మేముండే అపార్ట్‌మెంట్లో మెట్లూ వరండాలూ కడుగుతుంది. కూతురు అనంతపురంలో నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్ల హాస్టల్ ఫీజు కట్టడానికి అదే ఆఖరి రోజు. ఫోన్లో డబ్బు పంపడమంటే ఓబుళమ్మకు భయం, అందుకని నోట్లు తెచ్చి నా చేతిలో పెడుతుంది, నేను నా ఖాతా నుంచి పంపుతాను. ఆ పిల్ల ఖాతా, నా ఖాతా ఒకే బ్యాంకులో ఉన్నాయి. ఓబుళమ్మ వాళ్ళు ఒకప్పుడు ఊరి అటు చివర పీణ్యలో, ఫ్యాక్టరీల పేటలో ఉండేవాళ్ళు, ఖాతా అక్కడ తెరిచిందే.

కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయాను. వెతికే ఓపిక లేక, పాస్‌బుక్ ఫోటో చూస్తూ జోడు లేకుండానే నంబరు కొట్టాను. ఫోన్ తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి, ఖాతా నంబరు సరికాదు అని. ఓబుళమ్మ తెరలోకి తొంగిచూసింది. "అమ్మా, దుడ్లు పోయినాయా?" అంది. "పోలేదే, ఆగినాయి" అన్నాను. కళ్ళజోడు వెతికి పెట్టుకుని చూస్తే, పక్కపక్కనున్న రెండంకెలను తారుమారు చేశాను. అది గమనించగానే నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కూడా కాదు, కడుపు పట్టుకుని నవ్వాను. ఓబుళమ్మకు నామీద అనుమానం వచ్చినట్టుంది. ఎర్రక్షరాలకేసి వేలు చూపించి, "ఆ బ్యాంకోళ్ళు ఎవురూ నా బిడ్డను చూడనన్నా చూళ్ళేదు గదమ్మా. ఇది నా బిడ్డ నంబరు కాదని ఆ పోనుకు ఎవురు చెప్పినారు?" అంది. అదీ ప్రశ్న.

మా నాన్న మడకశిర నుంచి, మా అమ్మ గౌరీబిదనూరు నుంచి వచ్చి పీణ్యలో పిండి మిల్లు పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపమొస్తే రెండూ. రెండు లేతు షెడ్ల మధ్య ఇరుక్కున్న మిల్లు అది. ఇటువైపు ఇనుము కోసే చప్పుడు, అటువైపు ఇనుము అరగదీసే చప్పుడు, నడుమ మా బెల్టు టపటపమని కొట్టుకోవడం. కొత్తగా వచ్చినవాళ్ళు చెవులు మూసుకునేవారు గానీ నాకు ఆ రొదలోనే నిద్ర పట్టేది. ఆదివారం సాయంత్రం మిషన్లు ఆగినప్పుడు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు లేచి కూర్చునేదాన్ని. పొద్దునంతా రాగులు, గోధుమలు, బియ్యం. రాగిపిండి వేడిగా గోనెగుడ్డ గొట్టంలోంచి జారేటప్పుడు ఒక వాసన వస్తుంది. తడిసి ఎండిన మట్టి, కాలిన రొట్టె కలిపినట్టుండే ఆ వాసన ఇప్పుడు ఏ ప్యాకెట్టు చించినా రాదు. మిరపకాయలు మాత్రం అన్నిటికన్నా చివర, సాయంత్రం వేరే మిషన్లో వేసేవారు. ఆ వేళకు నాన్న తువ్వాలు ముక్కుకు కట్టుకునేవాడు. వీధి వీధంతా తుమ్మేది. లేతు షెడ్డు వాళ్ళు తుమ్ముతూనే మమ్మల్ని తిట్టేవారు, తిట్టి వాళ్ళ మిరపకాయలూ మాకే ఇచ్చేవారు.

శుక్రవారం పొద్దున మిషన్లు కడిగి, గింజలు పోసే తొట్టికి పసుపు, కుంకుమ పెట్టడం అమ్మ పని. డబ్బాలు తీసుకోవడం, తూకం వేయడం, గుర్తుకు రేకు బిళ్ళలివ్వడం, బాకీ పెట్టినవాళ్ళను వీధి మొదలు దాకా వినబడేలా పలకరించడం కూడా అమ్మ పనే. నాన్న మిషన్ మనిషి, మాట తక్కువ. మా అమ్మను ఎవరైనా అణకువ గల మనిషి అంటే నేను నవ్వి చచ్చిపోతాను. తలనిండా పిండి పడి నడివయసులోనే ముసలమ్మలా కనిపించేది గానీ, గొంతు మాత్రం రెండు లేతుల చప్పుడు మీదుగా వినబడేది. తను చేసిన ఊరుబిండి పచ్చడి లాంటిది ఈ బెంగళూరులో ఎవరూ చేయలేరని ఆమె నమ్మకం. నాకూ అదే నమ్మకం, ఇప్పటికీ.

పొద్దున డబ్బా పెట్టి పనికి పోయి, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాళ్ళే ఎక్కువ. అన్నీ ఒకే రకం నూనె డబ్బాలు, ఏది ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు. అందుకని డబ్బా మీద సుద్దముక్కతో నంబరు రాసి, అదే నంబరున్న రేకు బిళ్ళ డబ్బా మనిషి చేతికిచ్చేవారు. కానీ పిండి మిల్లులో సుద్దరాత ఎంతసేపు నిలుస్తుంది? దుమ్ము పడి, చేతులు తగిలి, మూడు ఎనిమిదయ్యేది, ఒకటి ఏడయ్యేది. దానికి అమ్మ ఒక ఉపాయం చేసింది. నంబరులోని అంకెలు కూడి, వచ్చింది మళ్ళీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా కూడి, దాన్ని నంబరు కింద చిన్నదిగా రాసేది. బిళ్ళ మీదా అదే గీకించింది. దానికి తోక అని పేరు. ముప్పై ఆరు అయితే మూడూ ఆరూ తొమ్మిది, తోక తొమ్మిది. మూడు కాస్తా అలుక్కుపోయి ఎనభై ఆరులా కనబడిందనుకోండి, ఎనిమిదీ ఆరూ పద్నాలుగు, ఒకటీ నాలుగూ అయిదు. కింద తొమ్మిది ఉంటే పైన అయిదు వచ్చింది. అంటే ఎక్కడో ఏదో చెడింది. అప్పుడు అమ్మ కేకేసేది, "నిలబడప్పా! తోక కుదర్లేదు!" డబ్బా ఎత్తినవాడు ఎక్కడివాడక్కడ నిలబడిపోయేవాడు. ఆ కేక మా వీధిలో పిల్లలకు ఆట అయింది. దొంగాటలో దొరికినవాడిని "తోక కుదర్లేదు" అని పట్టుకునేవాళ్ళం.

ఆ తోక మీద మాకు ఎంత గురి కుదిరిందంటే, నాన్న పైనున్న నంబరు చూడడం మానేసి కింద తోక మాత్రమే చూడడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఒకరోజు పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. వచ్చేసరికి మిల్లు ముందు జాతర. అందరూ ఒకేసారి బిళ్ళలు చాస్తున్నారు. అందులో రుద్రప్ప గారి మనిషి ఒకడు. రుద్రప్ప గారంటే మా వెనక వీధిలో స్క్రూల ఫ్యాక్టరీ యజమాని, కన్నడ మనిషి, మర్నాడే ఆయన కూతురి పెళ్ళి. ఆయన బిళ్ళ ముప్పై ఆరు, డబ్బాలో బ్యాడగి మిరపకాయల కారం. చూడడానికి నిప్పులా ఉంటుంది, నోటికి మాత్రం పాపం ఏమీ అనదు. ఇంకో బిళ్ళ అరవై మూడు, చెన్నారెడ్డిది. చెన్నారెడ్డి బిల్డింగు పనికి వచ్చిన మన తెలుగువాళ్ళకు మెస్సు నడిపేవాడు. ఆయనది గుంటూరు మిరపకాయ. దాని సంగతి చెప్పక్కర్లేదు. ముప్పై ఆరుకు తోక తొమ్మిది, అరవై మూడుకూ తోక తొమ్మిదే. నాన్న తొమ్మిది చూశాడు, ఎర్రటి కారం చూశాడు, ఇచ్చేశాడు. తర్వాత చెన్నారెడ్డి వచ్చాడు. మిగిలిన ఎర్ర డబ్బాకూ తొమ్మిదే ఉంది, అదిచ్చేశాడు.

పెళ్ళి మర్నాడు రుద్రప్ప గారు పట్టుపంచె మీదే వచ్చాడు. డబ్బా తెచ్చి మా గడప మీద ధన్‌మని పెట్టాడు. "ఏనమ్మా ఇదు? కారమా, యాసిడ్డా? బీగరు సాంబారు నోట్లో పెట్టుకోని నీరు, నీరు అని లేచి ఎగిరినారు! పెండ్లికొడుకు మేనమామ మజ్జిగ పాత్రలో గ్లాసు కాదు, మూతినే పెట్టినాడు! నా మర్యాద ఏమి కావాల?" వియ్యాలవారి ముందు తల ఎత్తుకోలేకపోయానని ఆ పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు. ఆయన మాట ముగియకముందే అటునుంచి చెన్నారెడ్డి వచ్చాడు. "ఏందక్కా ఇది, కారమా కుంకుమా? మా వాళ్ళు సంగటి ముందర పెట్టుకొని నా మొగం చూస్తా ఉండారు. పిల్లోళ్ళకు పెట్టే కూడు మాదిరి ఉండాది" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఒకరి డబ్బా ఒకరు చూసుకున్నారు. నాన్న బెల్టు ఆపి బయటికొచ్చి, "తోక సరిపోయిందే. తొమ్మిది ఉండాది, తొమ్మిదే ఇచ్చినా" అన్నాడు. అమ్మ ఆయన వంక చూసింది, బిళ్ళల వంక చూసింది, కూడింది, మళ్ళీ కూడింది. రెండుసార్లూ తొమ్మిదే వచ్చింది.

"తప్పు మాదే సామీ" అని ఇద్దరికీ దండం పెట్టింది. రుద్రప్ప గారు వినలేదు. "ఈ వీధిలో ఎవరూ నీ గడప తొక్కకుండా చేస్తా" అని వెళ్ళిపోయాడు. చేశాడు కూడా. మా ముందునుంచే డబ్బాలు మోసుకుంటూ, మొహం అటు తిప్పుకుని, మూలమీది కొత్త మిల్లుకు పోయేవాళ్ళు. బెల్టు తిరగని మిల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అమ్మ సంగటి కెలుకుతూ కెలుకుతూ ఆగి, "మనల్ని నమ్మి డబ్బా పెట్టి పోతారు. ఆ నమ్మకమే పోతే ఇంగ ఇక్కడ ఏముండాది? మిల్లు అమ్మేసి ఊరికి పోదాం పా" అంది నాన్నతో. నా బడి, నా స్నేహితులు, నా ఇనుప చప్పుళ్ళు అన్నీ పీణ్యలోనే ఉన్నాయి. ఊరంటే నాకు సెలవుల్లో దోమలు కుట్టే చోటు, అంతే.

ఆ పని లేని మధ్యాహ్నాల్లో అమ్మా నేనూ మిల్లు గచ్చు మీద బిళ్ళలన్నీ కుప్ప పోసి కూర్చునేవాళ్ళం. పదిహేడూ డెబ్బై ఒకటీ, ఇరవై అయిదూ యాభై రెండూ, ఏ జత తీసినా తోక ఒకటే. "అంకె ముందున్నా వెనకున్నా కూడికలో దానికి ఒకే విలువ కదమ్మా, అందుకే చోటు మారితే తోకకు తెలియడం లేదు" అన్నాను నేను. అమ్మ రెండు బిళ్ళలు పక్కపక్కన పెట్టి, "అయితే ముందర నిలబడేదానికి రెట్టింపు ఇయ్యి" అంది. ముప్పై ఆరులో మూడును రెట్టిస్తే ఆరు, ఆరూ ఆరూ పన్నెండు, తోక మూడు. అరవై మూడులో ఆరును రెట్టిస్తే పన్నెండు, దానికి మూడు కలిపితే పదిహేను, తోక ఆరు. వేరయ్యాయి! నేను అరిచిన అరుపుకు పక్క షెడ్డులో లేతు ఆగింది. ఉన్న బిళ్ళలన్నీ వేసి చూశాం. సున్నాకూ తొమ్మిదికీ మాత్రం ఎంత చేసినా తేడా తెలిసేది కాదు. అమ్మ సున్నా ఉన్న బిళ్ళలన్నీ ఏరి అవతల పారేసి, పైన నంబరు కూడా చూడకుండా డబ్బా ఇస్తే ఊరుకోనని నాన్నకు చెప్పి, "ఇప్పుడు రమ్మను ఎవడొస్తాడో" అంది. ఆ కొత్త తోక ఎవరు కనిపెట్టారన్న దాని మీద మాత్రం మా ఇద్దరికీ తగువే. లోపం ఎక్కడుందో చెప్పింది నేను కాబట్టి నాదని నేను. రెట్టింపు మాట అన్నది తను కాబట్టి తనదని అమ్మ. ఆమె పోయేదాకా ఈ తగువు తెగలేదు.

కొత్త బిళ్ళలు పట్టుకుని అమ్మ నేరుగా రుద్రప్ప గారి ఫ్యాక్టరీకి వెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. "సామీ, మీకిష్టమొచ్చినట్టు అంకెలు మార్చి చూడండి. తోక పట్టకపోతే మిల్లుకు నేనే బీగం వేస్తా" అంది. ఆయన మొదట చూడనన్నాడు. తర్వాత ఒకటి మార్చి చూశాడు, ఇంకోటి మార్చి చూశాడు, చివరికి కుర్చీలోంచి ముందుకు వంగి పంతంగా మార్చడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ అమ్మ "నిలబడప్పా" అని, నాలుక కరుచుకుని, "నిలబడండి సామీ" అనేది. ఆయన నవ్వాడు. మర్నాడు ఆయనింటి రాగుల డబ్బా వచ్చింది, దాని వెనకే వీధంతా వచ్చింది.

నేను బీకాం చదివి, పీణ్యలోనే ఒక చిన్న సహకార బ్యాంకులో చేరాను, ఓబుళమ్మ కూతురి ఖాతా ఉన్నది అందులోనే. అక్కడివాళ్ళంతా దాదాపు మా డబ్బాల మనుషులే, ఫ్యాక్టరీ కూలీలు, షెడ్డు యజమానులు. మా అమ్మకూ అందులో వాటా ఉండేది. కంప్యూటర్లు వస్తున్న రోజులవి. ఖాతాలన్నిటికీ కొత్త నంబర్లు వేయాలని నిర్ణయించారు. నంబర్లు వరసగా ఒకటి తర్వాత ఒకటి వేసుకుపోతామంటే నాకు ఒళ్ళు మండింది. వరసలో ప్రతి నంబరూ ఎవరిదో ఒకరిదే అవుతుంది. ఒక్క అంకె తప్పు కొడితే ఆ తప్పు నేరుగా ఇంకొకడి ఇంటి తలుపు తడుతుంది. మిషనుకు పేరుతో పనిలేదు, నంబరు ఎటు చూపిస్తే అటు పోతుంది. రుద్రప్ప గారి పెళ్ళి సాంబారు మళ్ళీ కళ్ళముందు కనబడింది. నంబరుకు తోక ఉండాలన్నాను. మా మేనేజర్ శేషాద్రి సార్ మంచివాడే, నేను చెప్పింది శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమేనమ్మా. కానీ ఉన్న నంబరే గుర్తుండక జనం అల్లాడుతున్నారు. ఇంకో అంకె తగిలిస్తే వాటాదారులు ఒప్పుకోరు, సభలో పెడదాం" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు నా మిల్లు లెక్క చూసి, "మేడమ్, దీన్ని చెక్ డిజిట్ అంటారు, ఎప్పట్నుంచో ఉంది" అన్నాడు. నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టయింది ఒక నిమిషం. ప్రపంచానికి ముందే తెలుసట! తెలిస్తే తెలియనీ, పీణ్యకొచ్చి మాకెవరూ చెప్పలేదు కదా. ఇంతకంటే గట్టిది అతనే నేర్పాడు, పుస్తకాల అట్ట వెనక నంబర్లకు వాడేది. ఎడమవైపు నుంచి మొదటి అంకెను ఒకటితో, పక్కదాన్ని రెండుతో, ఆ పక్కదాన్ని మూడుతో, అలా చోటును బట్టి పెంచుతూ గుణించాలి. అన్నీ కూడి పదకొండుతో భాగిస్తే మిగిలేదే తోక. ఒక అంకె మారినా పట్టుకుంటుంది, రెండంకెలు చోట్లు మార్చుకున్నా పట్టుకుంటుంది. శేషం పది వచ్చిందా, అది ఒక్క అంకెలో ఇమడదు కాబట్టి ఆ నంబరు ఎవరికీ ఇవ్వకుండా వదిలేయడమే. అది విని నేను నవ్వాను. మా అమ్మ సున్నా బిళ్ళలు పారేసినట్టే కదా!

సభ కళ్యాణ మంటపంలో జరిగింది. అనుకున్నట్టే గలాటా అయింది. "నంబరు పొడుగు చేసేది యాకె?" అని ఒకరు, "ఉండేది చాలు, సుమ్నే ఇంకొకటి ఎందుకు" అని ఇంకొకరు. శేషాద్రి సార్ నా మొహం చూశాడు. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి మా అమ్మ లేచింది. తలలో పిండి కూడా సరిగ్గా దులుపుకోలేదు. "అప్పా, మీలో ఆ పెండ్లికి పోయి సాంబారు తిన్నోళ్ళు ఎంతమంది ఉండారు, చెయ్యెత్తండి" అంది. ఎక్కడో ఒకడు నవ్వాడు, ఒకటొకటిగా చేతులు లేచాయి. "కారం మారితే నీళ్ళు తాగినారు, సరిపాయె. జీతం మారితే ఏం తాగుతారు? తోక ఉండాల. ఆ తోక నా కూతురు కనిపెట్టింది, మిల్లులో నా పక్కన కూచోని." నా కూతురు కనిపెట్టింది అంది! అంతమందిలో! వేదిక మీద కూర్చున్న డైరెక్టర్లలో రుద్రప్ప గారు ఒకరు. ఆయన మైకు లాక్కుని, "హాకి, ఆ తోక పెట్టండి. నన్నడగండి దాని బెలె, దాని విలువ ఏమిటో" అన్నాడు. సభ నవ్వుల్లో తేలిపోయింది, తీర్మానం అయిపోయింది.

బస్సు దిగి ఇంటికి నడుస్తుండగా, "ఒప్పుకున్నావు కదా, ఇక తగువు లేదు" అన్నాను. అమ్మ ఆగి, కొంగు దులుపుకుని, "అంతమందిలో నీ మర్యాదకు అన్నా. అది నాదే" అంది.

ఇప్పుడు మా మిల్లున్న చోట పార్సిల్ కుర్రాళ్ళ బండ్లు నిలుపుకుంటారు. రాగిపిండి ప్యాకెట్లో వస్తుంది, ఎవరు విసిరారో, ఏ మిషన్లో వేశారో తెలియదు, తుమ్ము కూడా రాదు. నా మనవరాలి వయసు పిల్లలు ఈ హెచ్‌ఎస్‌ఆర్‌లో కాఫీ తాగుతూ, బొటనవేలితో నొక్కి, మొహం కూడా చూడని మనుషులకు డబ్బు పంపుతారు. బాగానే ఉంది, నేనూ పంపుతున్నాను. ఆ రోజుల్లో తప్పు జరిగితే పట్టుపంచెతో మనిషే గడప మీదికి వచ్చేవాడు, తిట్టేవాడు, మళ్ళీ నవ్వేవాడు. ఇప్పుడు గడప లేదు. అందుకే తోక అవసరం ఇప్పుడే ఎక్కువ. తోకకు అన్నీ తెలుస్తాయని నేననను. సరైన తోకున్న పరాయి నంబరు ఎవడైనా మోసం చేసి ఇస్తే అది పట్టుకోలేదు. చేతి తొందరనూ కంటి మసకనూ పట్టుకుంటుంది, అంతే. అయినా పీణ్యలో మేము పెట్టిన తోక ఇన్నేళ్ళూ మాట్లాడకుండా నిలబడి, ఎందరి జీతాలను, ఎందరి పిల్లల ఫీజులను సరైన ఇంటికి చేర్చిందో తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. ఎందుకుండకూడదు? అణకువ మా వంశంలో లేదు.

నిన్న ఓబుళమ్మ మెట్లు కడిగి, చేతులు తుడుచుకుంటూ మా గుమ్మంలో నిలబడింది. ఫీజు అందిందని, కూతురు ఫోన్ చేసిందని చెప్పింది. వెళ్ళబోతూ ఆగి, "ఆ పొద్దు చెప్తానంటిరి. తప్పని ఆ పోనుకు ఎవురు చెప్పినారమ్మా?" అంది. "నేనే" అని చెప్పడానికే నోరు తెరిచాను. జీవితమంతా ఆ మాట మీదే పోట్లాడాను మరి. కానీ ఎర్రక్షరాలు గుర్తొచ్చాయి, వాటి వెనకే రెండు లేతుల చప్పుడు మీదుగా ఒక గొంతు వినబడింది, నిలబడప్పా అని.

"మా అమ్మ చెప్పింది" అన్నాను.